సముద్రం ఒడ్డున వరదపాశం

ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పడితే నాకు రెండు ఊళ్లు కలిసిపోతాయి. ఎమ్మిగనూరులో మా వీధిలో నడుస్తుంటాను. అటూ ఇటూ మగ్గాల చప్పుడు, వీధి పొడవునా గంజిపెట్టి ఆరగట్టిన పడుగు దారాలు, వాటి మధ్య బ్రష్షులు పట్టుకుని నిలబడ్డ మా చిన్నాన్నలు. మలుపు తిరిగితే సంత రావాలి. రాదు, సముద్రం వస్తుంది. నాకు ఆశ్చర్యం కూడా వేయదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగిపోతాను.

ఆ సముద్రం పెరూ దేశంలోది. ఎనభైల మొదట్లో మూడేళ్లు దాని ఒడ్డున కాపురం చేశాను. నేను నేత ఇంటి పిల్లను, డెబ్బైల చివర్లో ఆదోనికి కోడలిగా వెళ్లాను. మా ఆయన అక్కడ జిన్నింగు మిల్లులో పత్తి చూసేవాడు. చిటికెడు దూది తీసుకుని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పింజ పొడవు ఇంత అనేవాడు. కొలబద్ద పెట్టి చూస్తే అంతే ఉండేది. పెరూలో పొడుగు పింజ పత్తి పండుతుందని, కొనేముందు చూసిపెట్టే మనిషి కావాలని బొంబాయి వ్యాపారి ఒకాయన అడిగితే సరేనన్నాడు. నన్ను అడగలేదు. అడిగినా సరే అనేదాన్నే, అది వేరే సంగతి. నాకు తెలిసిన దూరమంతా మంత్రాలయం దాకానే. ఏరు దాటితే రాయచూరు. ఆ తర్వాత ఎక్కడో పెరూ ఉంటుందనుకుని బయలుదేరాను.

అంతవరకూ నేను సముద్రం చూడలేదు. నీళ్లంటే నాకు బిందెల వరస. మొదటిరోజు అన్ని నీళ్లు ఒక్కచోట చూసేసరికి సంతోషం రాలేదు, కోపం వచ్చింది. తాగడానికి పనికిరాని నీళ్లు ఇన్నెందుకని. ఊరికి ఒక పక్క సముద్రం, మిగతా మూడు పక్కలా ఎడారి. అక్కడ వాన పడదు. తక్కువ పడుతుందని కాదు, పడదంతే. తాగే నీళ్లు లారీలో వస్తే డ్రమ్ములు పెట్టి పట్టుకోవాలి. భూగోళం సగం చుట్టి వచ్చినా నా నుదుట నీళ్ల వరసే రాసి ఉందని నవ్వుకున్నాను. ఇసుకలో అక్కడక్కడా చెట్లుండేవి, చూడబోతే మన సర్కారు తుమ్మ లాంటివే. మన దగ్గర దాన్ని తిట్టని రైతు లేడు. అక్కడ దాని కాయలు ఉడకబెట్టి పానకం తీసి పిల్లలకు పోసేవాళ్లు.

పొద్దున పూట ఊరంతా మంచులో ఉండేది. పడవలు కనిపించేవి కావు, వాటి మీది మనుషుల మాటలు మాత్రం వినిపించేవి. పది దాటాక మంచు విడిపోయి ఊరు మెల్లగా బయటికొచ్చేది. అప్పుడు మా ఊళ్లో రాత్రి. నేను చేపల బజారులో నిలబడినప్పుడు మా అమ్మ నిద్రపోతుంటుందని తలుచుకుంటే, నేనున్నది ఆమె కలలోనేమో అనిపించేది. ఆ మూడేళ్లూ దాదాపు అలాగే గడిపాను, ఎవరి నిద్రనో చెడగొట్టకూడదన్నట్టు.

మా పక్కింటామె నాకంటే పదేళ్లు పెద్ద. మొగుడు పనికని రాజధానికి వెళ్లి మళ్లీ రాలేదు. ఆమెకు నేను పరిచయం కావడానికి కారణం వలలు. మత్స్యకారులు వలల్ని వీధి పొడవునా పరిచి చిరుగులు కుట్టుకునేవాళ్లు. అందరూ వాటిని దాటుకుంటూ పోయేవాళ్లు. నాకు కాలు లేచేది కాదు. నేతవాళ్ల వీధిలో పుట్టినదాన్ని, పరిచిన పడుగును ఆడది దాటితే వీపు చిట్లగొట్టేవాళ్లు. అందుకని వల చివరి దాకా వెళ్లి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. ఆమె అది కొన్నాళ్లు గమనించి, ఒకరోజు నన్ను పిలిచి గడపలో కూర్చోబెట్టి వేయించిన చేప పెట్టింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కానీ, అది నిజంగానే రుచి.

వాళ్ల భాష ఏడాదిలో వచ్చేసింది. కానీ విచిత్రమేమిటంటే, ఆమె మాటలు ఇప్పుడు నాకు ఆ భాషలో గుర్తులేవు. మా ఎమ్మిగనూరు తెలుగులోనే వినిపిస్తాయి. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను అమ్మీ అన్నట్టే నా చెవిలో ఉండిపోయింది.

ఆమెకున్నదల్లా ఆ ఇల్లు. మట్టిలో గడ్డి తొక్కి, చెక్క అచ్చులో పోసి, ఎండబెట్టి, ఒక్కో ఇటుకా తన చేత్తోనే చేసింది. తొమ్మిదేళ్లలో రెండు గదులు లేచాయి. నేను వెళ్లేసరికి సముద్రం వైపు మూడో గది సగం గోడల్లో ఉంది. అది పూర్తయితే నాలుగు బల్లలు వేసి, మధ్యాహ్నం పూట పదిమందికి అన్నం పెట్టాలని, గడపలో కూర్చుని చేపలమ్మే బతుకు మానాలని ఆమె ఆశ. రోజూ ఆ గోడల మీద చేయి వేసి తడిమి చూసుకునేది. నేనూ సాయంత్రాలు మట్టి తొక్కేదాన్ని. మా ఆయన చూసి, "పెరూకి వచ్చి బేల్దారి పని నేర్చుకుంటాండావా?" అని ఎగతాళి చేసేవాడు. పైకప్పు వెదురు తడికల మీద మట్టి పూతే. వాలు లేదు. వాన పడని ఊళ్లో వాలు ఎవరికి కావాలి?

మూడో గదికి కప్పు వేసిన వారానికి మా అమ్మ ఉత్తరం వచ్చింది. చిత్త కార్తె కూడా ఎండిపోయిందట. బావుల్లో బొక్కెన వేస్తే బురద వస్తోందట. వీధిలో ఆడవాళ్లంతా గుట్ట మీద వరదపాశం పోయాలనుకుంటున్నారట. కరువొస్తే మా వైపు అది ఆనవాయితీ. బెల్లం పాయసం వండి, కడిగిన బండ మీద పోస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని, మోకాళ్ల మీద వంగి, నాలుకతో నాకుతారు. పశువుల్లా నేలకు మూతి ఆనిస్తే పైనున్నవాడికి జాలి పుడుతుందని నమ్మకం. చిన్నప్పుడు నేను బండ మీద ఎక్కువ పాయసం ఉన్నచోటు చూసుకుని మరీ వంగేదాన్ని.

ఉత్తరం చేరడానికి నెల పైనే పట్టింది. వాళ్లు ఆ పాయసం ఎప్పుడో నాకేసి ఉంటారు. అయినా నా మనసు ఆగలేదు. మేకపాలు, అక్కడి నల్లబెల్లం, బియ్యం వేసి వండాను. ఒడ్డు చివర నల్లటి బండ ఒకటుండేది. గిన్నె పట్టుకుని పోతుంటే పక్కింటామె కూడా వచ్చింది. నేను బండ కడిగి, పాయసం పోసి, వంగితే కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత తనూ నా పక్కనే మోకాళ్లు వంచింది.

"ఏమని మొక్కాల?" అని అడిగింది.

"వాన రావాలని."

"మాకేంటికి వాన?"

"మీకు కాదక్కా. మా ఊరికి."

"అట్లయితే సరే," అని తనూ నాలుక ఆనించింది. బండకు పట్టిన సముద్రపు ఉప్పు వల్ల పాయసం సగం తీపి, సగం ఉప్పు. లేచాక ఇద్దరికీ ముక్కు చివర మెతుకులు. ఒకరి మొహం ఒకరు చూసుకుని చాలాసేపు నవ్వుకున్నాం. దేవుడికి చిరునామా కూడా చెప్పాలని నాకప్పుడు తోచలేదు.

నెల తిరక్కుండా సముద్రం వెచ్చబడింది. కాలు పెడితే స్నానానికి కాచిన నీళ్లు. చేపలు ఎటో వెళ్లిపోయాయి, వలలు ఖాళీగా వచ్చేవి. ముసలివాళ్లు ఆకాశం వైపు చూసి గొణుక్కునేవాళ్లు. తర్వాత ఒక మధ్యాహ్నం నల్లటి మబ్బు పట్టింది. నాకు ముందు వాసన తగిలింది. ఎండిన మట్టి మీద మొదటి చినుకుల వాసన. రెండేళ్లుగా ఎరగని వాసన. చేతిలో పని పారేసి వీధిలోకి పరిగెత్తాను. జుట్టు ఊడదీసుకుని, మొహం పైకెత్తి, నోరు తెరిచి నిలబడ్డాను. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసంటారు. నేను పిలిస్తేనే వచ్చిందన్నంత గర్వంగా ఉంది నాకు. వీధిలో నేనొక్కదాన్నే ఉన్నానని చాలాసేపటికి చూసుకున్నాను. అందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. పక్కింటామె రెండు అరచేతులూ తన గోడకు ఆనించి నిలబడి ఉంది. నేను నవ్వుతూ రమ్మని పిలిచాను. రాలేదు.

ఆ వాన ఆగలేదు. ఒక వారమైతే బాగుండేది. రోజూ పడింది, వారాల తరబడి పడింది. ముందు పైకప్పుల మట్టి కారింది. తర్వాత గోడలు అడుగు నుంచి కరగడం మొదలుపెట్టాయి, తడి తగిలిన బెల్లం అచ్చులా. వీధి ఏరైంది. మాది మా ఆయనకిచ్చిన సిమెంటు ఇల్లు, చుక్క కారలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. పత్తి బేళ్లకు చుట్టే గోనెపట్టాలు మా ఆయన ఎన్ని దొరికితే అన్ని తెచ్చాడు. ముగ్గురం కలిసి ఆమె గోడలకు కప్పాం. గోనె తడిసి బరువెక్కి, గోడల్ని ఇంకా కిందికి లాగింది. పాత గదులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి కూర్చుండిపోయాయి. ఆమె మంచం, గిన్నెలు మా ఇంటికి చేర్చాం. సముద్రం వైపు గది మాత్రం మిగిలింది.

ఆ గది ఒక పక్కకు ఒరిగిన రోజు పొద్దున ఆమె మా వంటింట్లోకి వచ్చింది. మోకాళ్ల దాకా బురద. నేను రొట్టె కాలుస్తున్నాను. వచ్చి నా చేయి పట్టుకుంది.

"అమ్మీ, నువ్వు పిలిస్తే వచ్చినాది గదా. ఇంగ పొమ్మని సెప్పు. దానికీ ఏందో ఒకటి చేస్తారు గదా మీ ఊర్లో. ఏమి వండాలో సెప్పు, ఏ బండ మీద పోయాలో సెప్పు. నేనూ నాకుతా."

నేను పొయ్యి ఆర్పేసి కూర్చున్నాను. నిజంగానే ఆలోచించాను. మా అవ్వ చేసినవి, అమ్మ చేసినవి, ఆదోనిలో మా అత్త చేసినవి అన్నీ గుర్తు తెచ్చుకున్నాను. కప్పను రోకలికి కట్టి ఊరేగించేది వాన కోసం. గ్రామదేవతకు బిందెలతో నీళ్లు పోసేది వాన కోసం. మసీదు వాళ్లు ఊరి బయట ఎండలో నిలబడి నమాజు చేసేదీ వాన కోసమే. ఎంత వెతికినా అన్నీ రమ్మనేవే.

"పొమ్మనేది మాకు తెలీదక్కా," అన్నాను. "మా ఊళ్లో ఎవరికీ తెలీదు. ఎప్పుడూ అవసరం రాలేదు."

ఆమె నా చేయి వదలలేదు. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టాలనే కోరుకున్నాను.

"ఒక్కసారి కూడా రాలేదా?" అంది.

"లేదు."

"ఆడ ఇప్పుడన్నా పడిందా?"

మొన్ననే మరో ఉత్తరం వచ్చింది. "పడలేదు," అన్నాను.

బయట ఆ గది గోడ జారిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది. పెద్ద చప్పుడేమీ కాదు, తడి బట్టలమూట కింద పెట్టినట్టు. ఆమె తల తిప్పలేదు. కొంగు లేని మనిషి, తన గౌను అంచుతో నా కళ్లు తుడిచింది.

"పాపం, ఆ వాన మీ ఊరికి పోవాలనే బయలుదేరింటాది," అంది. "నువ్వు ఈడ కనపడేసరికి ఈడే దిగిపోయినాది."

ఆ మాటలో కోపం ఏ కొంచెమూ లేదు. ఉండి ఉంటే నాకు బాగుండేది.