శనివారం కడాయి

ముప్పై ఐదేళ్లకు పైగా ఒక కడాయిని మోస్తున్నాను. నవ్వకండి. కట్టుకున్నదానికి చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇదివరకు రెండుసార్లు రాయడం మొదలుపెట్టి చించేశాను. ఇవాళ చించను.

ఎనభైల్లో నేను తాండూరులో బండల పాలిష్ పని చేసేవాణ్ని. మాది బంట్వారం దగ్గర పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. తాండూరులో నా పక్క గదిలో యూసుఫ్ ఉండేవాడు. హైదరాబాదు హోటల్లో చైనా వంట నేర్చుకుని వచ్చి, స్టేషన్ దారిలో తోపుడు బండి పెట్టాడు. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, అంతే. చైనా వంటంటే పట్నంలో పెద్దవాళ్లు తినేదని మేమనుకునే రోజులవి. బండలు మోసేవాడు కూడా ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చి తినగలగాలని యూసుఫ్ పంతం. అన్నట్టే తినిపించాడు.

పని దిగాక నెత్తి మీద బండల పొడితోనే నలుగురం దోస్తులం పోయేవాళ్లం. రెండు ప్లేట్లు, నలుగురు. పెద్ద మంట మీద క్యాబేజీ చుయ్యిమంటుంటే నిలబడలేకపోయేవాళ్లం. మా అమ్మ మొదటిసారి తిన్నప్పుడు, "గివేం సేమియాలురా, గుంజినకొద్ది వస్తున్నయి!" అని చెయ్యి నెత్తి దాకా ఎత్తి, నోరు పైకి తెరిచి తిన్నది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ తర్వాత తాండూరు వచ్చిన ప్రతిసారీ ఆమెకు చైనా సేమియా కావాల్సిందే.

అమ్మకు శనివారం ఒక్కపొద్దు. పొద్దంతా ఏమీ తినదు, సాయంత్రం ఒక్కసారే భోజనం. నేను చిన్నప్పుడు చచ్చి బతికానట. బతికితే జీవితాంతం శనివారం నీసు ముట్టనని అనంతగిరి పద్మనాభస్వామికి మొక్కుకుంది. మాంసమే కాదు, గుడ్డు కూడా నీసే. తాండూరులో ఇలాంటి నియమం ఉన్నవాళ్లు బోలెడు మంది. అది చూసి యూసుఫ్ వాళ్ల కోసం వేరే కడాయి, వేరే గరిటె కొన్నాడు. శనివారం తప్ప వాటిని బయటికి తీసేవాడు కాదు. గుడ్డు తగిలిన చెయ్యి ఎవరిదీ పడకూడదని బండి కింద పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో ఉంచుకునేవాడు. "గా సాయిబు పిలగాడు మన నియమం మనకంటే మంచిగ పట్టిండు" అని అమ్మ మురిసిపోయేది.

ఆ శనివారం అమ్మా, మా మేనమామా సంతకొచ్చారు. సంత ముగించుకుని బండి దగ్గరికి వస్తామన్నారు. నేను ముందే వెళ్లాను. పొద్దు గుంకుతోంది. యూసుఫ్ టోపీ పెట్టుకుని, నమాజుకు పోతున్నా, బండి చూస్తుండు అన్నాడు. శనివారం ప్లేట్లు తానొచ్చి చేస్తానన్నాడు.

వెళ్లాడు. పల్లెకు ఆఖరి బస్సు వేళవుతోంది. మామకు ఆగడమంటే ఒళ్లు మంట, నలుగురిలో తిడతాడు. వాళ్లొచ్చేసరికి ప్లేట్లు వేడివేడిగా ఉండాలనుకున్నాను. పెట్టెకు తాళం ఉంది. ఎదురుగా గుడ్ల కడాయి ఉంది. బట్టతో తుడిచాను. తుడిస్తే చాలనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేదు. అమ్మకు తెలియదులే అనుకున్నాను. మాట మార్చకుండా రాయాలి కదా, అదీ నిజం.

వాళ్లొచ్చారు. ప్లేట్లందించాను. యూసుఫే వండిపెట్టి నమాజుకు పోయాడనుకున్నారు. నాలుగు ముద్దలు తిన్నాక అమ్మ చెయ్యి ఆగిపోయింది. రెండు వేళ్ల మధ్య పచ్చటి గుడ్డు ముక్క. అమ్మ నోట్లోది ఉమ్మి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు మీదే కూలబడింది. మామ అరుపులకు జనం పోగయ్యారు. సరిగ్గా అప్పుడే యూసుఫ్ తిరిగొచ్చాడు.

సంగతి విని, పాపం, గబగబా పెట్టె తాళం తీశాడు. "చూడుండ్రి, శనివారం కడాయి పొడిగనే ఉన్నది. నేనింక ముట్టనే లేదు" అన్నాడు.

"అంటే గుడ్ల కడాయిలనే వండి పెట్టినవన్నట్టు!" అన్నాడు మామ.

తన నిజాయితీకి సాక్ష్యమని చూపించిందే మెడకు చుట్టుకుంది. యూసుఫ్ నా వైపు తిరిగాడు.

"నువ్వన్న చెప్పు భాయ్. నేను నమాజుకు పోయిన గద."

అందరూ నన్ను చూస్తున్నారు. అమ్మ కూడా.

"నాకేం తెల్వది. నేను గిప్పుడే వచ్చిన, గప్పటికే వండి ఉన్నది" అన్నాను.

యూసుఫ్ పెట్టె మూసి మళ్లీ తాళం వేశాడు. ఎవరూ కొట్టలేదు, బండి విరగ్గొట్టలేదు. మరుసటి శనివారం నుంచి మనుషులు రాలేదు, అంతే. తర్వాత మిగతా రోజుల్లోనూ తగ్గిపోయారు. నెల తిరక్కుండా గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. నేను ఆ పొద్దున కావాలనే తొందరగా పనికి పోయాను.

నిజం తెలిస్తే అమ్మ తట్టుకోలేదని దాచానని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. ఉత్త మాట. ఎవరి ప్రాణం కోసం ఆమె మొక్కుకుందో వాడే ఆ మొక్కు చెడగొట్టాడని నలుగురికీ తెలుస్తుందని భయపడ్డాను. సిగ్గు నాది. దాన్ని యూసుఫ్ నెత్తిన రుద్దాను. అతను సాయిబు కాబట్టి జనం సులువుగా నమ్ముతారని ఆ క్షణంలో నాకు తెలుసా? తెలుసు. ఈ ఒక్క ముక్క దగ్గరే రెండుసార్లూ కాగితం చించాను.

అమ్మ అనంతగిరి ఎక్కి చన్నీళ్ల స్నానం చేసి స్వామికి తప్పు చెల్లించుకుంది. ఆ తర్వాత బయట మంచినీళ్లు కూడా ముట్టలేదు. "నమ్మిచ్చి గొంతు కోసిండు" అని పోయేదాకా యూసుఫ్‌ను తిట్టింది. పక్కనే కూర్చుని విన్నాను. రెండేళ్ల తర్వాత వికారాబాద్ స్టేషన్లో అతను చాయ్ కెటిల్‌తో నేనున్న రైల్లో డబ్బా డబ్బాకూ తిరుగుతూ కనిపించాడు. నేను అవతలి వైపు తలుపు నుంచి పట్టాల మీదికి దిగి పారిపోయాను. మళ్లీ కనబడలేదు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు.

మామ ఉన్నాడు. వికారాబాద్‌లోనే, కొడుకు దగ్గర. ఎనభై దాటాయి, చెవులు బాగానే వినిపిస్తాయి. ఇప్పటికీ నూడుల్స్ మాటెత్తితే ఆ సాయిబు కథ మనవలకు చెబుతాడు. నిన్న మొన్న కూడా చెప్పాడు, నా ముందే. వాళ్లు నమ్మారు.

రేపు పొద్దున వెళ్తున్నాను. మామ తిడతాడు, తిట్టనీ. ఆ మనవలను కూడా కూర్చోబెడతాను. క్షమించమని అడగను, క్షమించాల్సినవాడు అక్కడ లేడు. ఆ సాయంత్రం అనాల్సిన మాట మాత్రం అంటాను. నోరు తడబడకుండా పొద్దుట్నుంచి గదిలో ఒక్కణ్నే పైకి అనుకుంటున్నాను.

"గుడ్ల కడాయిల వండింది నేనే. యూసుఫ్ గప్పుడు నమాజుల ఉన్నడు."