మాస్టారి ఎర్ర స్టాంపు

నిన్న పొద్దున కల్లంలో మిరపకాయలు ఆరబోస్తుంటే ఫోన్ వచ్చింది. దయానందం మాస్టారు పోయారట.

"ఎవరూ?" అని రెండుసార్లు అడిగాను. మొదటిసారే వినపడింది. నమ్మబుద్ధి కాలేదు.

మాకు స్కూల్లో డ్రాయింగ్ చెప్పిన మాస్టారు. రిటైరయ్యాక పాత న్యూస్‌పేపర్ స్టాంపులే ఆయన లోకం. ఒకప్పుడు కొన్ని దేశాల్లో పేపర్లు పోస్టులో పంపడానికి విడిగా స్టాంపులు ఉండేవి.

"దీని మీద అంకె కోసం వెతక్కమ్మాయ్, ఉండదు. రంగు చూసి రేటు చెప్పాలి" అని నేర్పింది ఆయనే.

ఏడుపొస్తోంది. అంతకంటే ఎక్కువ భయం వేస్తోంది. ఎందుకో చెప్తాను.

పోయిన సీజన్లో ఒకరోజు, మధ్యాహ్నం దాకా మిరపకాయల తొడిమలు తీసి, అద్దంకిలో వాళ్లింటికి వెళ్లాను. టేబుల్ మీద లేత పసుపు స్టాంపు ఒకటుంది. మాస్టారు టీ పెట్టడానికి లోపలికెళ్లారు. ఆయన స్టాంపుల్ని ఎప్పుడూ ట్వీజర్స్‌తోనే పట్టుకునేవారు.

నేను వేళ్లతో తీశాను.

ఎంత కడిగినా మిరప రంగు చేతిని వదలదని మనకి తెలీదా? మరక పడింది. కంగారులో తడి కర్చీఫ్‌తో తుడిచాను. ఎరుపు మొత్తం పాకింది.

మాస్టారికి కళ్లలో శుక్లాలు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"ఏవమ్మా, ఇది ఎరుపా? ఇన్నాళ్లూ పసుపనుకున్నానే."

"ఎరుపే మాస్టారూ" అన్నాను.

ఆ రకంలో ఎరుపుది దొరకడం చాలా అరుదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించి మురిసిపోయేవారు. చూపించినప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపేశాను.

నిన్న శవపేటిక పక్కనే వాళ్లబ్బాయి ప్రభాకరన్న అన్నాడు: "నాన్న ఎర్ర స్టాంపుని విజయవాడ స్టాంపుల ఎగ్జిబిషన్‌కి పంపుతున్నా. ఆయన పేరు నిలబడాల. దాని గురించి నాలుగు ముక్కలు నువ్వే రాయమ్మా."

ఊఁ అన్నాను.

అక్కడ స్టాంపుల సంగతి తెలిసినవాళ్లు ఒక్కసారి లెన్స్ పెడితే చాలు, రంగు తర్వాత పడిందని పట్టేస్తారు. అప్పుడు దొంగ ఎవరవుతారు? డ్రాయింగ్ మాస్టారే కదా.

అన్నా, నువ్వడిగిన నాలుగు ముక్కలు ఇవే. పంపొద్దు. ఆ ఎరుపు మా చేలో కాయది, అబద్ధం నాది. అందరికీ తెలియాలనే ఈ పోస్ట్ పెడుతున్నాను. నువ్వు ఏమన్నా పడతాను.

మాస్టారూ, మీరు చూసింది పసుపే.

ప్రభువు దగ్గర నిశ్చింతగా ఉండండి.