మోత మారేదాకా

కేసముద్రం మార్కెట్ యార్డు దగ్గర మక్కజొన్నల కమీషన్ దుకాణం నడిపే ఈశ్వరయ్య కారు రిపేరు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రోడ్డు పక్కన లారీలు విప్పేవాళ్ల ముందు గంటలకొద్దీ కూర్చుని చూసేవాడు. ఇంటికొచ్చి విప్పేవాడు, చెడగొట్టేవాడు, మళ్లీ బిగించేవాడు. తన ఇరవై రెండేళ్ల తెల్ల కారు జబ్బులన్నీ చెవితోనే పట్టేవాడు. ఈ రెండేళ్లుగా ఆ చెవులే మందగించాయి. ఎదురుగా మాట్లాడితే ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఇంట్లో తెలియదనే అనుకున్నాడు.

భయమంతా భార్య సుభాషిణితోనే. హారన్ వినక లారీ కిందికి పోబోయిన సొంత తమ్ముడు రాజీవ్ దగ్గరే ఆమె బండి తాళం గుంజుకుంది. "ఇనపడనోనికి బండెందుకు?" అంది అప్పుడు. కారు లేని రోజును ఈశ్వరయ్య ఊహించుకోలేడు.

మొన్న మహబూబాబాద్ నుంచి వస్తుంటే ఆమె తల పక్కకు వంచింది.

"ఎనక చక్రం ఊళ పెడ్తున్నది, ఇన్నరా?"

"ఇన్న. కుడి దిక్కు బేరింగ్ పోయింది," అన్నాడు. నిజానికి ఏమీ వినలేదు.

"కుడి కాదు, ఎడమ దిక్కు."

"ఇన్నేండ్ల సంది ఇంటున్నోన్ని, నాకే చెప్తవా?"

ఆదివారం పొద్దున వాకిట్లో ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కుడి వెనక చక్రాన్ని జాకీతో లేపాడు. స్ప్రింగు మీద అరచేయి ఆనించి చక్రం తిప్పాడు. పట్టులా నున్నగా తిరిగింది. జాకీని ఎడమకు మార్చాడు. ఈసారి అరచేతికి ఇసుక నలిగినట్టు గరగర తగిలింది.

పాత బేరింగ్ కొట్టి తీశాక, అది కూర్చునే ఇనుప డ్రమ్మును ఎండలో పెట్టాడు. కొత్త బేరింగ్‌ను ఐసు పెట్టెలో పెట్టాడు. కాసేపటికి లోపలి నుంచి సుభాషిణి వచ్చింది.

"ఐసుల గా ఇనుప కంకణమేంది? ఎవలకు తొడుగుతరు?"

"కారుకు. సలికి అది ముడుసుకుంటది, ఎండకు డ్రమ్ము విచ్చుకుంటది. ఒకదాంట్ల ఒకటి అల్కగ కూసుంటది."

"నాకు బంగారంది చేపియ్యనీకి చెయ్యి రాలే గని!"

వేపచెట్టు కింద మంచం మీద ఆయన వాలాడు. ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చేపపిల్లల్లా వాకిలంతా ఈదుతున్నాయి. యార్డు నుంచి మక్కల పొట్టు గాలిలో తేలుతూ వస్తోంది, నేలకు దిగే తొందర లేనట్టు. పట్టాల మీద గూడ్సు బండి పోయింది. చప్పుడు అందలేదు. మంచం పట్టె మాత్రం అరచేతి కింద సన్నగా వణికింది. డబ్బా వెంట డబ్బా నీళ్లలో సాగినట్టు సాగిపోతుంటే, చప్పుళ్లు చచ్చిపోలేదు, చెవుల్లోంచి చేతుల్లోకి దిగి కాపురం పెట్టాయి అనిపించింది. ఎంతసేపు అలా ఉన్నాడో ఆయనకే తెలియదు.

డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత కాలింది. సుభాషిణి ఐసులోంచి తెచ్చిచ్చిన బేరింగ్ అందులోకి ముప్పావు వంతు దానంతటదే జారింది. మిగిలింది సుత్తితో మెల్లగా దించాలి. అడుగు తాకగానే మోత మారుతుంది. ముందే ఆపితే చక్రం ఊగుతుంది, దెబ్బ ఎక్కువైతే కొత్త బేరింగ్ చెడుతుంది. నాలుగు దెబ్బలు కొట్టి ఆయన ఆగిపోయాడు. సుత్తి గాలిలోనే ఉంది.

"సుభాషిణీ, మోత మారిందా?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"మీకు ఇనపడ్తలేదా?"

"లేదు."

"ఎప్పటి సంది?"

"రెండేండ్లాయె."

ఆమె కుచ్చిళ్లు ఎగదోపుకుని డ్రమ్ము పక్కన చతికిలబడింది. "ముందుగాల కొట్టుండ్రి. డ్రమ్ము సల్లారుతది."

ఒకటి. రెండు. మూడో దెబ్బకు చెయ్యెత్తింది. "ఆగుండ్రి. బండ మీద కొట్టినట్టు పలికింది."

చక్రం బిగించాక ఆమె చెయ్యి చాపింది. ఆయన తాళం ఇచ్చేశాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

"రేపు చెవుల డాక్టరు దగ్గరికి బస్సుల పోదాం. ఆయన సరే అనేదాక నేను కూసుంటెనే బండి కదుల్తది."

"డాక్టరు దగ్గరికి నేనొక్కన్నే పోత తియ్యి."

"ఆయన చెప్పేది మీకెవలు చెప్తరు?"

ఈశ్వరయ్యకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వి, ముడి విప్పి తాళం ఆయన చేతికిచ్చి, వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుంది.

ఊరి బయట కుడి మలుపులో బరువంతా ఎడమ చక్రం మీద పడింది. ఈశ్వరయ్య అద్దంలో ఆమె ముఖం చూశాడు.

"ఎట్లున్నది? చెప్పవేంది?"

ఆమె ముందుకు వంగి ఆయన చెవి దగ్గర గట్టిగా అరిచింది.

"ఏం ఇనపడ్తలేదు!"

చక్రం బాగైందని తేలినా ఆయన కారును ఇంకో మలుపు దాకా పోనిచ్చాడు.