మే నెలలో కడిగిన రీలు

2024 మే నెల. అమలాపురంలో మా స్టూడియో డార్క్‌రూమ్ మూతపడి చాలా ఏళ్లయింది. బ్లాక్ అండ్ వైట్ రీళ్లు అడపాదడపా వస్తే ఇంట్లో, స్నానాలగదిలో కడుగుతాను. అదీ చలికాలంలోనే. ఎండల్లో ఎవరైనా రీలు తెస్తే కార్తీకమాసంలో రమ్మని పంపేసేవాణ్ణి.

బండారులంక సత్యవతిగారికీ అదే చెప్పాను. ఆవిడ చీరల నూలుకి రంగులు వేస్తారు. తమ్ముడి పాత కెమెరాలో ఉండిపోయిన రీలు తెచ్చారు.

"మా నాన్నగారు పోయి ఇరవై ఏళ్లు దాటిందండి. ఫొటోలన్నీ వరదకి పోయేయండి. దీంట్లో ఆయన్ని తీసినట్టు గుర్తండి. అమ్మకి చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. కార్తీకమాసానికి ఆవిడకేం కనపడుతుందండి?"

కాదనలేకపోయాను. మర్నాడు ఆవిడ మా ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. తలుపు సందుల్లో తువ్వాళ్లు దోపి, చీకట్లో రీలును వెలుతురు చొరబడని ట్యాంకులోకి ఎక్కించి మూత బిగించాను. ఇక వెలుతురుతో భయం లేదు, వేడితోనే. బొమ్మను పైకి తెచ్చే మందు డెవలపర్. అది ఇరవై డిగ్రీలుండాలి. థర్మామీటరు ముప్పైమూడు చూపించింది. ఫ్రిజ్‌లో మిగిలిన ఐసంతా పెట్టి డెవలపర్ని ఇరవైకి దించాను. బొమ్మను నిలబెట్టే ఫిక్సర్‌కి ఐసు మిగల్లేదు. ఏమవుతుందిలే అని సరిపెట్టుకున్నాను.

సత్యవతిగారు రెండు సీసాల మీదా చెయ్యి వేసి చూశారు.

"ఇది చల్లగా ఉంది, అది వేడిగా ఉందండి. నూలైతే మేమిలా చల్లట్లోంచి వేడిలోకి మార్చమండి. రంగు ఒక్కలా ఎక్కదండి."

తాతకు దగ్గులు నేర్పుతున్నారనిపించి, మీ నూలు వేరు, నా ఫిల్ము వేరు అని కసిరాను. కానీ సీసా ఎత్తిన నా చెయ్యి ఆగిపోయింది. మా గురువుగారు ఒకసారి చూపించిన నెగెటివ్ గుర్తొచ్చింది. అందులో పెళ్లికూతురి ముఖమంతా ఎండిన మడిలా బీటలు. రెటిక్యులేషన్ అంటారు. చల్లటి మందులోంచి వేడి మందులో పడితే ఫిల్ము మీది పూత అలా చిట్లుతుంది. ఇక ఎవరూ బాగుచెయ్యలేరు.

ఐసు పారబోశాను. డెవలపర్‌లో నీళ్లు ఎక్కువ కలిపి, కడిగే నీళ్లతో సహా అన్నిటినీ ఒకే తొట్టిలో నిలబెట్టి, అన్నీ ముప్పైమూడుకి వచ్చేదాకా ఆగాను. వేడికి మందు తొందరపడుతుంది కాబట్టి టైము తగ్గించాలి. ఎంతో నాకు తెలియదు. ఉన్నది ఒక్క రీలు. ఆరు నిమిషాలనుకుని ఆవిడ చేతికి వాచీ ఇచ్చాను. నిమిషం కాగానే ఆవిడ చెప్పడం, నేను ట్యాంకు తిరగెయ్యడం. ఆ తర్వాత అదే వేడిలో ఉన్న ఫిక్సర్ పోసి, నీళ్లతో కడిగాను.

తడి పూత వేడికి మెత్తబడుతుంది, గోరు తగిలితే ఊడిపోతుంది. అంచులు పట్టుకుని కిటికీ దగ్గర పైకెత్తాను. చాలా బొమ్మలు మసకబారిపోయాయి. నాలుగు బతికాయి, ఒక్క బీట లేదు. ఒకదాంట్లో రంగు గాబు పక్కన ఒక పెద్దాయన, మణికట్టు దాకా చెయ్యి నీళ్లలో పెట్టి ఉన్నారు.

"ఏం చేస్తున్నారండీ ఈయన?"

"వేడి చూస్తున్నారండి. నాకూ ఆయనే నేర్పేరండి."

కసిరినందుకు సిగ్గుగా ఉందని ఆవిడతో అనేశాను.

పెద్ద ప్రింటు వేసి ఇచ్చాను. వాళ్లమ్మగారు దాన్ని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూసి, "ఆయన్ని చెయ్యి తియ్యమనవే, కాలుద్ది" అన్నారట.

కార్తీకమాసంలో రండి అనడం అప్పుడే మానేశాను.