పదిహేడు ఫోన్ల స్తోయ్నా అత్త

మా స్తోయ్నా అత్త ఎవరినీ వాళ్ళు వాళ్ళేనంటే నమ్మదు. ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మిర్చే మామ తలుపు కొట్టినా అంతే.

"ఎవరది?"

"నేనే."

"దొంగ కూడా 'నేనే' అంటాడు. పొద్దున ఏం తిన్నావు?"

"నువ్వు పెట్టిందే తిన్నానే!"

"అది అందరూ చెప్తారు."

పాపం, మామ మంచులో నిలబడి రొట్టె నుంచి మిరపకాయ పచ్చడి దాకా అప్పజెప్పాలి. ఒకసారి ఉల్లిపాయ మరిచిపోయి, మీసానికి మంచుగడ్డలు వేలాడేదాకా బయటే ఉన్నాడు. ఆ గడ్డలతో మా వీధివాళ్ళం మూడు రోజులు రాకియా సారా చల్లబరుచుకుని తాగాం. నేను అబద్ధం చెప్పను.

ఇలాంటి మనిషి చేతిలో మా క్రాతోవో ఊరు ప్రాణాలు పెట్టింది. మాలో సగం మందిమి పరాయి దేశాల్లో పని చేస్తాం. ఊరి సిమ్ అక్కడ వాడితే బిల్లు కట్టడానికి ఇల్లు అమ్ముకోవాలి. అందుకని సిమ్ములు పాత బటన్ ఫోన్లలో వేసి అత్తకు అప్పగించి వెళ్తాం. ఫోన్‌లో డబ్బులుండే ఖాతా "ఇది నువ్వేనా?" అని అనుమానపడి ఓటీపీ పంపితే, అది ఆమె జేబులో మోగుతుంది. మొత్తం పదిహేడు ఫోన్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు ఊలుదారం! ఆమె నడిచొస్తుంటే గంటలు కట్టిన మంద వస్తోందని కుక్కలు లేచి నిలబడేవి.

ఓటీపీ చదివే ముందు మళ్ళీ అదే పరీక్ష. "ఈ రోజు ఏం తిన్నావు?"

"తిండికీ దీనికీ ఏం సంబంధం అత్తా? మా అమ్మ పుట్టింటి పేరు అడుగు!"

"అది మీ వీధి పిల్లికి కూడా తెలుసురా."

ఆ యేడు నేను పరాయి దేశంలో, ల్యుబ్ల్యానా నగరంలో, ఇళ్ళ నేలకు పలకలు పరుస్తున్నాను. (బడి నేను మానలేదు, బడే నన్ను మానేసింది. లేకపోతే ఈపాటికి ఇంజనీర్లకు పాఠాలు చెప్పేవాణ్ణి.) ఆదివారం మా అన్న త్స్వెతాన్ పెళ్ళి. మరిది కొత్త చెప్పు తొడిగితేగాని మా ఊళ్ళో పెళ్ళికూతురు గడప దాటదు. ఆ మరిదిని నేనే! సరిగ్గా అప్పుడే నా ఫోను సిమెంటులో పడి నేలలో కలిసిపోయింది. చేతిలో ఉన్నదంతా పెట్టి ఇంకోటి కొన్నాను. కొత్త ఫోను, పరాయి దేశం చూసి ఖాతా బిగుసుకుపోయింది. పాస్‌పోర్టు చూపించమంది, చూపించాను. తల ఎడమకు తిప్పు, కుడికి తిప్పు, కళ్ళార్పు అంది, పెళ్ళిచూపుల్లోలా అన్నీ చేశాను. రెండు రోజులు ఆలోచించి శనివారం పొద్దున ఓటీపీ పంపుతానంది.

బస్టాండులో టికెట్ల అమ్మాయి, "ఒక్కటే సీటుంది, అయిదు నిమిషాలు ఆపుతాను" అంది.

వెంటనే అత్తకు ఫోను కొట్టాను. "అత్తా, బ్లాగోయ్‌ని! ఓటీపీ చదువు!"

"ఏం తిన్నావు?"

కోతలు కొయ్యడానికి తీరిక లేదు. జన్మలో మొదటిసారి నిజం చెప్పాను. "నిన్నటి నుంచి ఏమీ తినలేదత్తా."

"మా బ్లాగోయ్ నిజం చెప్పడే! ఎవడ్రా నువ్వు?"

ఓటీపీ గడువు దాటింది. రెండోది తెప్పించాను.

"ఒట్టు అత్తా, నేనే!"

"మావాడి ఒట్లు కూడా అబద్ధాలే."

అదీ పోయింది. మూడోది పోతే ఖాతాకు రోజంతా తాళం. అమ్మాయి గడియారం చూపిస్తోంది. గుండెలనిండా గాలి పీల్చి అరిచాను.

"అత్తా! పొద్దున్నే గొర్రెనొకదాన్ని ఒక్కణ్ణే తిన్నాను! ఊరి మేయరొచ్చి తోకముక్క పెట్టమంటే పొమ్మన్నాను!"

"ఆఁ, వీడే మావాడు! రాసుకో... నాలుగు, ఒకటి, ఒకటి, తొమ్మిది!"

సీటు దక్కింది! నేను వేసిన గంతుకు బస్టాండు పావురాలు ఇంకో దేశానికి వలసపోయాయి.

దారిలో బెల్‌గ్రేడ్ బస్టాండులో మా ఊరివైపు నుంచి వచ్చిన బస్సు పక్కనే ఆగింది. దాని డ్రైవరు వెల్కో రెండు మూటలు పట్టుకుని దిగాడు. మాంసం పరిచి కాల్చిన రొట్టె వాసన నన్ను నిలువునా లేపేసింది.

"బ్లాగోయ్ ఎవరు?"

"నేనే అన్నా!"

"అది అందరూ చెప్తారు. ఏం తిన్నావు?"

"అది మా అత్త అడిగే ప్రశ్న కదా అన్నా!"

వెల్కో నవ్వాడు. "వారానికి మూడు నాలుగు మూటలు మోస్తున్నానురా. 'హలో' అనగానే ఎవడో పోల్చుకుంటుంది మీ స్తోయ్నా ముసల్ది. ఎవడు పస్తున్నాడో తెలియడానికే ఆ ప్రశ్న. నీ సంగతి వేరేగా చెప్పింది. నిజం చెప్తే ఒక మూట, కోతలు కోస్తే రెండూ ఇవ్వమంది. కోసేవాడికి ఆకలెక్కువట."

"రెండు గొర్రెలు తిన్నానన్నా!"

ఆదివారం కొత్త చెప్పు పట్టుకుని, బాజాల మధ్య పెళ్ళికూతురి గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు వెనక పదిహేడు ఫోన్ల గలగల. ఆ గుమ్మం కాపలా కూడా అత్తకే అప్పగించారు.

"ఎవరది?"

"మరిదిని అత్తా! తలుపు తియ్యి!"

"ఏం తిన్నావు?"

"నువ్వు పంపిందే!"

"అది అందరూ చెప్తారు" అంది. కాని ఈసారి గడియ తీసిన చప్పుడే ముందు వినిపించింది.