యూర్నెమ కదలకముందు

యూర్నెమ నది ఆ జిల్లాను నిలువునా రెండు ముక్కలు చేసి పారుతుంది. జిల్లా కచేరీ, ఆసుపత్రి, రొట్టెల కొట్టు, టెలిఫోను ఆఫీసు అన్నీ కుడి గట్టునే. ఎడమ గట్టున అడవి, బురద నేలలు, వాటి నడుమ ఏడు ఊళ్ళు. చలికాలమంతా నది గడ్డకట్టి రోడ్డయిపోతుంది. లారీలూ గుర్రపు బళ్ళూ దాని మీదుగానే తిరుగుతాయి. వేసవిలో బల్లకట్టు ఉంటుంది. ఏప్రిల్‌లో మంచు పగిలి కదిలే రెండు మూడు వారాలు మాత్రం అదీ లేదు, ఇదీ లేదు. ఆ రోజుల్లో ఎడమ గట్టు వాళ్ళు పుట్టినా పోయినా వాళ్ళ పాట్లు వాళ్ళవే.

కపితొలీనాను అందరూ డాక్టరమ్మ అనేవారు గానీ ఆమె డాక్టరు కాదు. యుద్ధం రోజుల్లో మూడేళ్ళ చదువును ఏడాదిన్నరలో చదివించి పంపిన వైద్య సహాయకురాలు. పురుళ్ళు పోసేది, సూదులు వేసేది, పళ్ళు కూడా పీకేది. ఆమెను కాపా అని పిలిచే భర్త తిఖోన్ బల్లకట్టు నడిపేవాడు. పిల్లలు లేరు. "ఊళ్ళో పిల్లలందరినీ బయటికి లాగేది నువ్వే, మనింటికి ఒక్కడినీ తేలేకపోయావు" అని అతను వేళాకోళం చేస్తే ఆమె నవ్వేది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు.

యాభై ఏడో సంవత్సరం ఏప్రిల్‌లో, నది కదలడం మొదలైన మూడో రోజు పొద్దున్నే ఎడమ గట్టు పెలెగొవో నుంచి ఫోను వచ్చింది. బండి తోలే సవ్వా భార్య అగ్నియాకు తొలి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ కాళ్ళు ముందుగా వస్తోంది. పొగమంచు మూలంగా రోగుల్ని తీసుకెళ్ళే చిన్న విమానం దిగే వీలు లేదు.

"వెళ్ళకపోతే?" అన్నాడు తిఖోన్.

"ఇద్దరూ పోతారు."

"అయితే చూస్తావేం, బూట్లు తొడుక్కో."

నీళ్ళున్నచోట తెడ్డు వేస్తూ, మంచు పలకల మీద పడవను ఈడ్చుకుంటూ, పావుగంట దారిని మూడు గంటల్లో దాటారు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. నీలంగా పుట్టి, నాలుగు దెబ్బలు తిన్నాక ఏడ్చింది. కానీ తల్లికి రక్తం ఆగలేదు. కపితొలీనా ఒక పిడికిలి లోపల, ఒక అరచెయ్యి పొత్తికడుపు మీద పెట్టి అదిమి పట్టుకుంది. అప్పుడే తిఖోన్ తలుపు సందులోంచి తొంగిచూసి, చటుక్కున మొహం తిప్పుకున్నాడు.

"కాపా, అవతలి నుంచి ఫోను. బల్లకట్టుకి ఒక్క గొలుసే మిగిలిందట. ఎగువ నుంచి పెద్ద మంచు వస్తోందంటున్నారు. నేను అవతలికి పోయి ఇంకో గొలుసు వేస్తా."

"ఒక్కరోజు ఆగు."

"నేను ఆగుతాను, మంచు ఆగుతుందా? అది కొట్టుకుపోతే ఏడూళ్ళకి వేసవంతా దారి ఉండదే."

"తిఖోన్, నా మాట విను."

"విన్నాను లేవే. నువ్వొచ్చేదాకా పిల్లికి నేనే వండిపెడతా." అంటూ తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె లేవబోయింది. అగ్నియా ఆమె మోచెయ్యి పట్టుకుంది. కపితొలీనా అక్కడే ఉండిపోయింది.

నది నడిమధ్యలో తిఖోన్ పడవకు చెరోవైపు నుంచి రెండు పలకలు దగ్గరికొచ్చాయి. గట్టు మీద నిలబడ్డ సవ్వా అంతా చూశాడు. ఇంట్లోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని మొహం చూస్తూనే ఆమెకు అర్థమైంది. అర్థమైనా చేతులు తియ్యలేదు. రక్తం ఆగడానికి ఇంకో గంట పట్టింది.

తరువాత పన్నెండు రోజులు నది ఆమెను ఇంటికి పోనివ్వలేదు. ఆ పన్నెండు రోజులూ ఆ ఇంట్లోనే ఉండి, అగ్నియాకు ఓట్స్ జావ తాగించి, బిడ్డకు నీళ్ళు పోసింది. మే నెలలో శవం దొరికింది. బల్లకట్టు మాత్రం ఆ ఒక్క గొలుసుతోనే నిలిచి ఉంది.

మరుసటి మార్చిలో ఆమె పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఎడమ గట్టున నెలలు నిండుతున్న ఆడవాళ్ళను నది కదలకముందే ఇవతలికి తేవాలంది.

"నొప్పులు లేనివాళ్ళను మూడు వారాలు ఎక్కడ పెట్టను? ఉన్న రోగులకే మంచాల్లేవు" అన్నాడాయన.

"మా ఇంట్లో పెడతాను."

"ఎవరొస్తారమ్మా?"

"వాళ్ళు రాకపోతే నేనే పోయి తెస్తాను."

ఆ ఏడు ముగ్గురొచ్చారు. పడుకోవడానికి పొయ్యి మీద కట్టిన వెచ్చటి అరుగున ఇద్దరు, తిఖోన్ మంచం మీద ఒకరు. మరుసటి ఏడు ఐదుగురు. పెద్ద పొట్టలతో గదిలో ఒకరినొకరు రాసుకుంటూ తిరిగేవాళ్ళు, ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగుల జాడీ కోసం పోట్లాడుకునేవాళ్ళు, అత్తల్ని తిట్టుకునేవాళ్ళు. చాలాకాలం తర్వాత ఆ ఇంటి కిటికీలకు లోపలి నుంచి ఆవిరి పట్టింది.

మూడో ఏడు పెలెగొవో నుంచి వచ్చిన గర్భిణుల జాబితాలో అగ్నియా పేరు లేదు. ఆమెకు ఎనిమిదో నెల అని మాత్రం కపితొలీనాకు తెలుసు. ఆనాడు పుట్టిన పిల్లకు టీకాలు వేయడానికి వెళ్ళినప్పుడల్లా అగ్నియా ఏదో పని పెట్టుకుని పశువుల కొట్టంలోకి తప్పుకునేది. పిల్ల రూఫీనాను సవ్వాయే ఎత్తుకొచ్చి కూర్చునేవాడు. కపితొలీనా కూడా సూది వేసి, టీ అయినా తాగకుండా లేచి వచ్చేసేది.

మార్చి ఆఖరున మంచు మీద చీలమండల దాకా నీళ్ళు తేలుతున్న వేళ, ఆమె మంచు మీద జారే గుర్రపు బండి, స్లెడ్జి, కట్టుకుని తనే వెళ్ళింది. అగ్నియా బట్టలు పిండుతోంది.

"ఎక్కు" అంది కపితొలీనా.

"నేను రానక్కా. ఇక్కడే కంటాను."

"పోయినసారి కన్నావుగా, చూశాను. మళ్ళీ కాళ్ళతో వస్తే?"

"చస్తే చస్తాను. ఆ ఇంట్లో అడుగు పెట్టే మొహం నాకు లేదు." తడి చేతులతోనే మొహం కప్పుకుంది అగ్నియా. "ఆ రోజు నువ్వు లేవబోయావు. నేను నీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. వదిలుంటే గుమ్మం దాకా పోయి ఆయన్ని ఆపేదానివి."

కపితొలీనా బల్ల మీద కూలబడింది.

"నువ్వేం పట్టుకున్నావే, పిచ్చిదానా? నీ ఒంట్లో చీమను పట్టేంత బలం కూడా లేదు. ఆగింది నేను. నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. ఉంది, మూడేళ్ళుగా ఉంది. నీ పిల్లకి సూది గుచ్చేటప్పుడు కూడా ఉంది. ఆ కోపం మోసీ మోసీ చేతులు లాగుతున్నాయి. మళ్ళీ ఈ ఏడు నువ్వు ఇక్కడ, నేనక్కడ, మధ్యన ఆ నది... వద్దమ్మా. నా వల్ల కాదు. ఎక్కు."

సవ్వా గొర్రెతోలు కోటు తెచ్చి భార్య భుజాల మీద కప్పాడు. రూఫీనాను స్లెడ్జిలో గడ్డి మీద కూర్చోబెట్టాడు. గుర్రం ముందు తనే కర్రతో మంచును పొడిచి చూసుకుంటూ ఇవతలి గట్టు దాకా నడిచాడు.

అగ్నియా తిఖోన్ మంచం మీద పడుకోనని నేల మీద పక్క వేసుకుంది. నాలుగో రోజు కపితొలీనా ఆమె పక్క చుట్టి మంచం మీదికి విసిరేసింది. "నేల చల్లన. నడుము పట్టేస్తే మళ్ళీ నా ప్రాణానికే" అంది. అగ్నియా మంచమెక్కి, గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. ఆపమని ఎవరూ అనలేదు.

ఏప్రిల్ పదిహేడున మగబిడ్డ పుట్టాడు, తల ముందుగా, ఇబ్బందేమీ లేకుండా.

"తిఖోన్ అని పెట్టుకోనా అక్కా?"

"వద్దు. ఆ పేరు పిలిస్తే నేను తలుపు వైపు చూస్తాను."

ఎఫీమ్ అని పెట్టారు.

పద్దెనిమిది వసంతాలు ఆ ఇల్లు అలాగే నిండింది. తరువాత ఆసుపత్రిలో ఎనిమిది మంచాల గది కట్టి, ఇక డాక్టరమ్మ ఇంటి అవసరం లేదన్నారు. ఆమె సరేనంది. కానీ ఏప్రిల్ రాగానే రోజూ ఆ గదికి పోయి కూర్చునేది. గర్భిణుల కాళ్ళు వాచాయేమో నొక్కి చూసేది, క్యాబేజీ చారు చల్లారిపోయిందని నర్సులతో గొడవ పడేది. ఒక్క రోజు మాత్రం పోయేది కాదు, నది కదిలిన రోజు. ఆ రోజు, అప్పటికి ఇవతలి గట్టునే ఉంటున్న రూఫీనా వచ్చి ఆమెతో కూర్చునేది. ఇద్దరూ టీ తాగేవారు, పిండి పిసికి లోపల చేప పెట్టి రొట్టె కాల్చేవారు.