ముందు తప్పు నాది

మా కచేరీ హెడ్ గుమాస్తాగారు పోయిన ఆదివారం రాయచోటిలో కన్నుమూశారు. ఉద్యోగం విరమించి మూడేండ్లయింది; ఉబ్బసం ఆయనకు పాత చుట్టమే. వారి అబ్బాయి రాసిన కార్డు మంగళవారం కడపకు చేరింది. అందులో మూడు అక్షర దోషాలున్నాయి. ఆయన ఉండి ఉంటే, తన చావుకబురే అయినా సరే, మూడింటి కిందా ఎర్రసిరా గీత గీసి "సరిజేసి మళ్లా పంపు నాయనా" అని తిప్పి పంపేవారు. ఆ సంగతి తలచుకొని నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

పోయినవారిని గురించి రాసేటప్పుడు మహానుభావుడని మొదలుపెట్టడం మర్యాద. మా పెద్దాయనను అలా అంటే ఆధారం ఏదని అడిగేవారు. ఆయన ముక్కుపొడుం పీల్చేవారు. తుమ్మితే మూడు బల్లల అవతలి కాగితాలు లేచేవి. ఏడాది పొడుగునా ఒకే నల్లకోటు వేసేవారు, మే నెలలో కూడా. కడప మే నెల ఎరిగినవారికి ఈ ఒక్క ముక్కతో ఆయన మొండితనం తెలిసిపోతుంది. ఇంతకు మించిన ఘనకార్యాలేవీ ఆయన ఖాతాలో లేవు. ఒకటి తప్ప. దానికి నేను సాక్షిని, కొంతవరకు ముద్దాయిని కూడా.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు నుంచి రావలసిన తాఖీదులు కర్నూలు నుంచి రావడం మొదలై ఏడాది కావస్తున్న కాలం అది. బి.ఏ. పట్టా ఒక చేత, టైపు పరీక్ష ప్యాసైన కాగితం ఒక చేత పట్టుకొని నేను ఆ కచేరీలో చేరాను. నాతోపాటే, ఒక చెక్కపెట్టెలో గడ్డి చుట్టుకొని, కచేరీకి మొట్టమొదటి టైపు మిషను వచ్చింది. మా ఇద్దరినీ అందరూ ఒకే విధంగా చూశారు. దూరం నుంచి.

కారణం ఉంది. అప్పటిదాకా జనం అడిగిన దస్తావేజులకు చేత్తో నకళ్లు రాసి ఇవ్వడానికి ముగ్గురు గుమాస్తాలుండేవారు. వారిలో పెద్దవాడు మహబూబ్ సాహెబ్. ఆయన రాత చూస్తే అచ్చు వేసినవాడు సిగ్గుపడాలి. ఇరవై రెండేండ్లుగా ఇంగ్లీషు కాగితాలకు నకళ్లు రాస్తున్నాడు, ఇంగ్లీషు ఒక్క ముక్క తెలియకుండా. అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. అదేమిటి మామా అని నేను ఆశ్చర్యపోతే, "అర్థం తెలిస్తే చెయ్యి తొందరపడ్తాది నాయనా. తప్పులు పడ్తాయి" అన్నాడు.

మిషను వెనకనే తాఖీదు కూడా దిగింది. ఇకమీద నకళ్లన్నీ మిషను మీదనే. దసరా సెలవులైన తర్వాత సోమవారం కర్నూలు నుంచి ఒక అధికారి వచ్చి పరీక్ష పెడతాడు. అందులో ప్యాసైన నకలు గుమాస్తాలు టైపిస్టులుగా ఉంటారు. కానివాళ్లు ఇంటికి పోతారు. సాహెబ్ ఇంట్లో తినేవాళ్లు ఎనిమిదిమంది. సంపాదించే చెయ్యి ఒక్కటే, అదీ కలం పట్టిన చెయ్యి.

పదిహేను రోజులు ఆ మిషనును నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు. సాహెబ్ మాత్రం రోజూ దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసేవాడు.

"ఈ అక్షరాలకు ఈ వరస ఎవురు పెట్టినారు నాయనా? ఏ పక్కన బీ లేదు. ఎస్ ఉండాది."

"చేసిన కంపెనీవాళ్లు పెట్టినారు మామా."

"వాళ్ల ఊర్లో బడి లేదేమో పాపం."

ఒక ఉదయం హెడ్ గుమాస్తాగారు తన కుర్చీ వదిలి, నల్లకోటుతో సహా వచ్చి మిషను ముందరి ముక్కాలిపీట మీద కూర్చున్నారు.

"ఏమప్పా అయ్యవారూ, నాకు పాఠం చెప్పు."

నాకప్పుడు ఇరవై రెండేండ్లు, ఆయనకు యాభై నాలుగు. "మీకెందుకు సార్, ఏడాదిలో విరమణ కదా" అన్నాను. తెలివైన మాట అన్నాననే అనుకున్నాను.

"ఇంకా ఏడాది ఉండాది కదా. ఈడ కూర్చున్నంతకాలం ఈడి పని తెలిసుండాల." తర్వాత గది మొత్తానికి వినిపించేటట్టు అన్నారు: "ముందు తప్పు నేను చేస్తా. నాకంటే పెద్ద తప్పు చేయగలిగినోళ్లు ఎవరన్నా ఉంటే నా వెనక కూచుందురు."

చేశారు. శానా చేశారు. అంత నమ్మకంగా తప్పులు చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. దానికి తోడు ఆయన ఎడమచేతి చిటికెన వేలు చిన్నప్పుడు బండి చక్రం కింద నలిగిందట. దానికి బలం లేదు. ఇంగ్లీషు 'ఏ' అక్షరం కొట్టవలసింది ఆ వేలితోనే. ఆయన కాగితాల్లో 'ఏ' అక్షరాలన్నీ తెల్లారగట్ల చుక్కల్లాగా మసకమసకగా ఉండేవి. వేరే వేలు వాడండి సార్ అని గురువు హోదాలో సలహా ఇచ్చాను.

"పనికిరాదని పక్కన పెడితే అది నిజంగానే పనికిరాకుండా పోతాదప్పా" అన్నారు. ఆఖరుదాకా ఆ వేలితోనే కొట్టారు.

అసలు కిటుకు తర్వాత ఉంది. రోజూ తాను కొట్టిన కాగితాన్ని గోడకు అతికించి, ఎర్రసిరా సీసా దాని పక్కన పెట్టేవారు. "దిద్దండప్పా" అనేవారు. ఇరవై ఏండ్లుగా ఆ ముగ్గురి తప్పులూ ఆయన దిద్దారు. ఇప్పుడు పెద్దాయన తప్పులు వీళ్లు దిద్దవచ్చు. పండుగ వచ్చినట్టు ఎగబడ్డారు. అయితే ఫలానా తప్పు ఎందుకు పడిందో చెప్పాలంటే ఏ మీట పక్కన ఏ మీట ఉందో మిషను దగ్గరికి పోయి చూడాలి. పది రోజులు తిరిగేసరికి ముగ్గురికీ మీటలన్నీ నోటికి వచ్చేశాయి, ఒక్క మీటా నొక్కకుండానే. ఆ ఉపాయం నా బి.ఏ. పుస్తకాల్లో ఎక్కడా లేదు.

మెల్లగా పీట మీద కూర్చోవడం కూడా మొదలైంది. ఎవరన్నా గొణిగితే ఆయన కర్నూలును తెచ్చేవారు. "ఆడ పెద్దపెద్ద ఆఫీసర్లు డేరాల్లో కూచొని, ఫైళ్లు గాలికి పోకుండా రాళ్లు పెట్టుకొని పని చేస్తాండారంట. మనకు నెత్తిన మిద్దె ఉండాది, కాళ్ల కింద బండలు ఉండాయి. ఇంగేం కావాల?"

సాహెబ్ రెండే వేళ్లతో కొట్టేవాడు, పాముపుట్టలో వేలు పెట్టినట్టు. వరస చివర గంట మోగితే ఉలిక్కిపడి పీట వెనక్కి జరిపేవాడు.

"సాహెబూ, తక్కిన వేళ్లు ఏం పాపం చేసినాయి? ఆ చిటికెన వేలికీ పని ఇయ్యి" అన్నారు హెడ్ గుమాస్తాగారు.

"మీరు ఇచ్చినారు కద సామీ. ఒక్క ఏ అన్నా కనపడ్తాండాదా?"

కచేరీ మొత్తం నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఆయనే. ఆ నవ్వు దగ్గుగా మారి, దగ్గు తుమ్ముగా మారి, కాగితాలు ఏరుకోవలసి వచ్చింది.

ఇక నా నేరం. దసరాకు ముందు కచేరీలో ఆయుధపూజ చేస్తారు కదా. కలాలు, సిరాబుడ్లు, సీళ్లు అన్నీ వరసగా పెట్టి బొట్లు పెడతారు. ఆ ఏడాది కొత్తగా మిషను. పూజ బాధ్యత నాకు అప్పగించారు. నేను ఊరుకుంటానా? మిషనుకు అడ్డంగా విభూతి రేఖలు దిద్దాను. ఒక్కొక్క మీటకూ ఒక బొట్టు. "అక్షర యంత్రాయ నమః" అని గొంతు పెంచి, అందరూ నవ్వుతున్నారు కదా అనే హుషారులో, పిడికెడు కుంకుమ దాని పొట్ట మీద చల్లి, కొట్టిన టెంకాయ నీళ్లతో అభిషేకం కూడా చేశాను. గుడ్డ కప్పాము. బొరుగులూ బెల్లం తిన్నాము. సెలవులకు పోయాము.

గురువారం తిరిగి వచ్చి గుడ్డ తీస్తే మీటలు కదలలేదు. కుంకుమ, విభూతి, టెంకాయ నీళ్లు కలిసి లోపల గట్టి సున్నంలాగా బిగిసిపోయాయి. సోమవారం పరీక్ష. ఉన్నది ఒక్కటే మిషను. బాగుచేసేవాడు మద్రాసులో ఉన్నాడు. సాహెబ్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకొని, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ వీపు నాకు ఇప్పటికీ కనబడుతుంది.

అంతలో మా కచేరీ అధికారి, దొరగారు, వచ్చారు. "ఎవరు చేశారు ఈ పని?" అని అడిగారు.

నా నోరు పెగలలేదు. ఎప్పుడూ మూతపడని నోరు అది.

"పూజ పెట్టించింది నేనే సార్" అన్నారు హెడ్ గుమాస్తాగారు. "ముందు తప్పు నాది."

పాతిక మంది ఎదుట, పాతికేండ్ల సర్వీసులో ఎన్నడూ పడని మాటలు పడ్డారు. పడి, దొరగారు లోపలికి పోయిన తర్వాత, సాహెబ్ దగ్గరికి నడిచారు.

"సాహెబూ, మీ ఇంట్లో కుట్టుమిషను ఉండాది కదా. అది బిగుసుకపోతే ఎవరు బాగుచేస్తారు?"

"యాడికి తీసుకపోతాం సామీ. నేనే విప్పుకుంటా. గ్యాసునూనె, కోడి ఈక."

"అది ఇనుమే, ఇది ఇనుమే. ఏం తేడా?"

సాహెబ్ వంగి మిషను లోపలికి చూశాడు. ఇంటికి పోయి ఒక గిన్నెలో గ్యాసునూనె, అదే కిరసనాయిలు, నాలుగు ఈకలు తెచ్చాడు. నేల మీద పాత దుప్పటి పరిచాము. ఆయన మరలు విప్పుతూ ఉంటే, పట్టాలు చేతబట్టుకొని వచ్చిన నేను పక్కన కూర్చొని ఒక్కొక్క మరను వరసగా పేర్చాను. నాకు దాని లోపల ఏముందో అప్పటిదాకా తెలియదు. శనివారం సాయంత్రానికి అక్షరం కడ్డీలన్నీ ఒక్కొక్కటిగా కడిగి, తిరిగి బిగించి, సాహెబ్ ఒక మీట నొక్కాడు. కడ్డీ లేచి కాగితాన్ని తాకింది. వరస చివరిదాకా కొట్టాడు. గంట మోగింది. ఈసారి ఆయన ఉలిక్కిపడలేదు.

"లోపల చూసినాంక దీంతో ఏం భయం నాయనా" అన్నాడు నాతో.

సోమవారం పరీక్షలో అందరికంటే నిదానం సాహెబే. అదే రెండు వేళ్లు. మధ్యలో 'ఆర్' కడ్డీ ఇరుక్కుంది. అధికారి గడియారం వైపు చూశాడు. సాహెబ్ టోపీ మడతలోంచి కోడి ఈక తీసి, ఒక్కసారి లోపల తిప్పి, మళ్లీ టోపీలో పెట్టుకొని కొట్టడం సాగించాడు. గడువుకు అర నిమిషం ముందు ముగించాడు. కాగితంలో ఒక్క తప్పు లేదు. నకలు రాసిన చెయ్యి కదా. అధికారి రెండుసార్లు చదివి, "ఆ ఈక ఏమిటి?" అని మాత్రం అడిగి, సంతకం పెట్టాడు. ముగ్గురూ ఉద్యోగంలో నిలిచారు.

హెడ్ గుమాస్తాగారు నన్ను ఆ కుంకుమ గురించి ఒక్కనాడూ మందలించలేదు. విరమణ రోజున మాత్రం పూలదండ తీసి నా మెడలో వేసి, చెవిలో అన్నారు: "నీ అభిషేకం ఫలించిందప్పా. ఆ మిషను చెడిపోకపోయింటే సాహెబుకు దాని భయం పోయుండేది కాదు." ఆయన చెప్పింది వేళాకోళమో, ఓదార్పో తేల్చుకోలేక మూడేండ్లు గడిపాను. ఇక అడిగే వీలు లేదు. ఆనాడు "నేనే చేశాను" అని నేను అనవలసిన మాట కూడా మిగిలిపోయింది. అందుకే ఇక్కడ, ఇంతమంది పాఠకుల ఎదుట అంటున్నాను. ఆ తప్పు నాది సార్.

మంగళవారం కచేరీ తరఫున వారి ఇంటికి సంతాప తీర్మానం పంపాలన్నారు. ఇంగ్లీషులో వాక్యాలు నేను కట్టాను. కొట్టడం నా వంతే కాని, సాహెబ్ పీట లాక్కొని కూర్చున్నాడు. చాలాసేపు పట్టింది. తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కాగితం నిండా 'ఏ' అక్షరాలు మసకగా ఉన్నాయి. మిషను చెడిందేమోనని పోయి చూశాను, బాగానే ఉంది. తిరిగి చూస్తే సాహెబ్ కిటికీ దగ్గర నిలబడి, పని అలవాటు లేని ఎడమచేతి చిటికెన వేలిని కుడిచేత్తో మెల్లగా నిమురుకుంటున్నాడు.